ఏడో బల్ల మీద చిలుము

ఆ ఎండాకాలం మా ఫ్యాక్టరీలోకి పద్నాలుగు టచ్ స్క్రీన్లు వచ్చాయి. అత్తారింటికి కొత్త కోడళ్ళని దింపినట్టు దింపారు. దుమ్ము పడకూడదని కవర్లు, ఎండ తగలకూడదని కిటికీలకి కర్టెన్లు. ఇరవై రెండేళ్ళుగా అదే కిటికీ ఎండలో కళ్ళు చికిలించుకుని టంకం పెడుతున్నాం మేము. ఒక్క మహానుభావుడికీ కర్టెన్ సంగతి తట్టలేదు.

మేం చేసేది తూకం మిషన్లకి బోర్డులు. దుకాణంలో సరుకు పళ్ళెంలో పెట్టగానే అంకె వెలుగుతుందే, ఆ మిషన్లు. దాని కడుపులో అరచేయంత ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కన్నాల్లో బియ్యపు గింజంత భాగాలు గుచ్చి, వెనక టంకం పెట్టి, మిగిలిన తీగ కాళ్ళని కట్టర్‌తో కత్తిరించాలి. బోర్డుకి ఒక అంచున బంగారు పూత పూసిన పళ్ళ వరస ఉంటుంది. మిషన్ లోపలి గాడిలోకి దిగేది అదే. ఆ పళ్ళని ఉత్తి చేత్తో తాకకూడదు. పనిలో చేరిన మొదటి రోజు మొదటి గంటలో నేర్పే పాఠం అది. అందుకే మా చేతులకి ఎప్పుడూ పలచటి గ్లౌజులు ఉంటాయి.

స్క్రీన్లని హెడ్డాఫీసు నుంచి ఒక కుర్ర ఇంజినీరు వెంటబెట్టుకొచ్చాడు. మాట్లాడేటప్పుడు అరచెయ్యి గాల్లో అటూ ఇటూ ఊపుతూ ఉండేవాడు, ఎదురుగా లేని తెరని పక్కకి తోస్తున్నట్టు. మేం వాడికి విసనకర్ర అని పేరు పెట్టుకున్నాం. వాడి పక్కనే మా సూపర్‌వైజర్ అవున్సార్. అతనికి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు.

"బోర్డు కోడ్ చూపించగానే మొదటి బొమ్మ వస్తుందండీ. ఏ భాగం ఏ కన్నంలో పెట్టాలో అదే చూపిస్తుంది. పెట్టాక కింద ఈ ఆకుపచ్చ గడి తాకాలి. తాకితే రెండో బొమ్మ. అలా ఇరవై ఆరు స్టెప్పులు. ఇక మీరు ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఆలోచించనక్కర్లేదు," అన్నాడు విసనకర్ర.

"అవున్సార్," అన్నాడు అవున్సార్.

"తాకకపోతే?" అని అడిగాను నేను.

"పైన ఎర్రదీపం వెలుగుతుంది. కూత వేస్తుంది. మేం వచ్చి చూస్తాం."

నా గ్లౌజు వేలితో ఆకుపచ్చ గడిని తాకాను. కదల్లేదు. మళ్ళీ తాకాను. ఉలుకూ పలుకూ లేదు. "గ్లౌజుంటే వినట్లేదండీ ఇది," అన్నాను.

వాడు ముందుకొచ్చి తన వేలితో ముట్టుకున్నాడు. రెండో బొమ్మ టక్కున వచ్చింది. "చూశారా, బానే ఉంది!"

"మీ చేతికి గ్లౌజు లేదు కదా బాబూ."

వాడు తన వేలి వైపు చూసుకున్నాడు. పెద్ద చదువులు చదివిన వేలు మరి. "కొంచెం గట్టిగా నొక్కండి. అయినా దీనికోసం స్పెషల్ గ్లౌజులు ఆర్డర్ పెట్టాం, వారంలో వచ్చేస్తాయి," అన్నాడు. ఏ సంవత్సరంలో వారమో చెప్పలేదు.

ఆ మొదటి వారం మా ఫ్లోరంతా ఎర్రదీపాలే. ఒక్క బోర్డుకి ఇరవై ఆరుసార్లు గ్లౌజు తియ్యడం, తొడగడం. చెమటకి అది వేళ్ళని పట్టుకుని వదిలేది కాదు. కొందరు మోచేత్తో పొడిచారు. మూడో బల్ల ఆవిడ ముక్కు కాస్త పొడుగు. ఇన్నాళ్ళూ దాని గురించి ఆవిడ పడ్డ బాధంతా తీరిపోయేలా, వంగి ముక్కు కొనతో ఆకుపచ్చ గడి తాకితే, ఆ స్క్రీన్ చక్కగా విన్నది. మర్నాటికి సగం మంది ముక్కులతో పని చేస్తున్నారు. చూస్తే బల్లల దగ్గర మనుషులు దేనికో దణ్ణాలు పెడుతున్నట్టు ఉంది.

విసనకర్ర వచ్చి చూశాడు. అద్దాల మీద ముక్కు జిడ్డు అంటుకుని ఉంది. ప్రాణం ఉసూరుమంది వాడికి. పావుగంటలో ప్రతి బల్ల మీదా అచ్చువేసిన కాగితం అంటించి ఉంది: "స్క్రీన్‌ను ముక్కుతో తాకరాదు." గ్లౌజులు తెప్పించడానికి వారాలు పట్టేవాళ్ళకి ఆ కాగితం అచ్చు వెయ్యడానికి పావుగంట సరిపోయింది.

నాది ఆరో బల్ల. ఏడోది మా ఆడపడుచుది. మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు, ముప్ఫై నాలుగేళ్ళు, మాతోనే ఉండేది. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. ఆ మాట వారానికోసారి గుర్తుచేసిందీ నేనే. తనకి చేతుల్లో చెమట. చిన్నప్పటి నుంచీ ఉన్నదే. పరీక్షల్లో కాగితం తడిసి సిరా అలుక్కుపోయేదట. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే ముందు పక్కకి తిరిగి కొంగుకి తుడుచుకునేది. పనిలో చేరిన కొత్తలోనే పాత బనీను గుడ్డతో సన్నటి లోపలి గ్లౌజులు తనే కుట్టుకుంది. వాటి మీద ఫ్యాక్టరీ గ్లౌజులు వేసుకునేది. పని నెమ్మది, శుభ్రం. గంటకి నేను తొమ్మిది బోర్డులు చేస్తే తను ఆరు చేసేది. పూలు గుచ్చుతున్నావా బోర్డు చేస్తున్నావా అని దెప్పేదాన్ని. నవ్వి ఊరుకునేది. నాకు ఆ నవ్వు చూస్తే ఇంకా ఒళ్ళు మండేది.

పదో రోజు, టీ విరామంలో, నా ఓపిక అయిపోయింది. కట్టర్ తీసుకుని నా కుడి చూపుడువేలి గ్లౌజు కొన కచక్కుమని కోసేశాను. బయటికొచ్చిన వేలితో గడి తాకితే మొదటిసారికే విన్నది. రెండో బొమ్మ, మూడో బొమ్మ, నాలుగోది. ఎర్రదీపం లేదు, కూత లేదు.

"వదినా," అంది మా ఆడపడుచు గొంతు తగ్గించి, "బోర్డు పట్టుకునేదీ ఆ వేలితోనే కదా. పళ్ళకి తగిలితే?"

"తగలకుండా పట్టుకోవాలి. ఇన్నేళ్ళు చేసి ఆపాటి చాతకాదా?"

"నీకైతే పర్లేదు. నీ చేతులు పొడిగా ఉంటాయి. నాకు..."

"నీ చెమటకి బోర్డు కరిగిపోతుందేంటే? మహారాణి గారి చెయ్యి మరి! ఇలా తే."

తను చెయ్యి ఇవ్వలేదు, వెనక్కి లాక్కోనూ లేదు. లాక్కునే రకం కాదు. నేనే పట్టుకుని పై గ్లౌజు, లోపలి గ్లౌజు రెండూ కలిపి కోసేశాను. ఆ వేలు నానబెట్టిన గింజలా తెల్లగా, తడిగా బయటికొచ్చింది.

సాయంత్రానికి పద్నాలుగు బల్లల దగ్గరా పద్నాలుగు వేళ్ళు బయటికి వచ్చేశాయి. అవున్సార్ అటుగా వచ్చాడు, చూశాడు, ఎర్రదీపాలన్నీ ఆరిపోయి ఉండటం కూడా చూశాడు. కడుపు చల్లబడి ఉంటుంది. ఏమీ చూడనట్టు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నెలన్నర అంతా పండగే. విసనకర్ర గీతలు గీసి గోడకి అంటించాడు, అన్నీ పైకి పోయే గీతలే. అందరికన్నా ఎక్కువ పెరిగింది ఏడో బల్ల. గంటకి ఆరు నుంచి ఎనిమిది. ఒకరోజు హెడ్డాఫీసు నుంచి ఆరుగురు పెద్దమనుషులు బూట్ల మీద నీలం సంచులు తొడుక్కుని వచ్చారు. విసనకర్ర వాళ్ళని తిన్నగా మా ఆడపడుచు వెనక్కి తీసుకొచ్చి నిలబెట్టాడు. "సాధారణమైన ఆపరేటర్ సార్, చూడండి, సిస్టమ్ ఎలా మార్చేసిందో!" అన్నాడు. ఆరుగురూ స్క్రీన్ వైపే చూశారు. తను బోర్డు పట్టుకోవడం, గడి తాకడం, మళ్ళీ బోర్డు పట్టుకోవడం, అన్నీ వాళ్ళ ముక్కుల కిందే జరిగాయి. ఒక్కడూ ఆ వేలి వైపు చూడలేదు.

ఇంట్లో ఆ సాయంత్రం మా ఆయన అన్నం తింటూ చెల్లెల్ని మెచ్చుకున్నాడు. ఆయన ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్ట్ నడుపుతాడు. "పొద్దస్తమానం నొక్కడమే కదా. అయితే నువ్వూ నా లైన్లోకే వచ్చావన్నమాట," అని నవ్వాడు. ఇరవయ్యేళ్ళుగా మనుషుల్ని పైకీ కిందకీ తిప్పి తిప్పి, తనంత లోకజ్ఞానం ఎవరికీ లేదనుకునే మనిషి. "అవునూ, ఉన్నట్టుండి నీకు అంత స్పీడు ఎలా వచ్చిందే?"

తను నా వైపు చూసింది.

"నా పక్కన కూర్చుంటే రాదా మరి?" అన్నాను నేను.

"అదీ సంగతి," అన్నాడాయన. తను తల వంచుకుని తింటూ కాసేపటికి, "వదినా, ఆ కొత్త గ్లౌజులు ఎప్పుడొస్తాయో కనుక్కోవా?" అంది. రెండు రోజులకోసారి అడిగేది ఆ మాట. నీకు గ్లౌజుల పిచ్చి పట్టిందని కసిరేదాన్ని.

గాలిలో తడి మొదలైంది, ఆకాశంలో మబ్బులు కనిపిస్తున్నాయి. అప్పుడు బోర్డులు వెనక్కి రావడం మొదలైంది. ఒక దుకాణంలో ఖాళీ పళ్ళెం మూడు కిలోలు చూపించిందట. ఇంకో చోట నిండు బస్తా పెడితే సున్నా దగ్గరే ఆగిపోయిందట. విప్పి చూస్తే బంగారు పళ్ళ మీద పచ్చటి చిలుము. భూతద్దం కింద పెడితే ఆ చిలుములో సన్నటి వంపుల గీతలు ఉన్నాయి. వేలిముద్రలు.

ప్రతి బోర్డుకీ కోడ్ ఉంది కదా, ఏ బోర్డు ఏ బల్ల దగ్గర తయారైందో స్క్రీన్లకి తెలుసు. నలభై ఒక్క బోర్డులు తిరిగొస్తే ముప్ఫై మూడు ఏడో బల్లవి. మిగతా ఎనిమిదీ వేరేవాళ్ళవి. వాటిలో రెండు నావి. విసనకర్ర ఆ లెక్కని గోడ మీద పెద్ద బొమ్మగా వేసి చూపించాడు. ఒక్క స్తంభం నిటారుగా లేచి ఉంది, పక్కన పిల్ల స్తంభాలు. "ఈ చిన్నవి పట్టించుకోనక్కర్లేదు," అని చెయ్యి ఊపి వాటిని గాల్లోనే తుడిచేశాడు. వాడి ముఖం వెలిగిపోతోంది. "చూశారా? ఈ సిస్టమే లేకపోతే తప్పు ఏ టేబుల్‌దో కనిపెట్టగలిగేవాళ్ళమా?"

"అవున్సార్," అన్నాడు అవున్సార్.

మర్నాడు పొద్దున విచారణ. దానికి గంట ముందు అవున్సార్ ఒక అట్టపెట్టె పట్టుకుని బల్లబల్లకీ వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా, "పాడైన గ్లౌజులు ఇందులో వేసి కొత్తవి తీసుకోండమ్మా," అన్నాడు. పెట్టె నా ముందుకి వచ్చింది. నా గ్లౌజులు ఎప్పుడు తీశానో, ఎప్పుడు వేశానో నాకే తెలీదు, అంత చురుగ్గా జరిగిపోయింది. ముక్కుతో తాకినావిడా వేసింది, మోచేత్తో పొడిచినవాళ్ళూ వేశారు. ఏడో బల్ల దగ్గర పెట్టె ఆగింది.

"వెయ్యవే," అన్నాను పళ్ళు బిగించి.

"దాస్తే అబద్ధమాడినట్టే కదా వదినా," అంది. తెగిన గ్లౌజు మడిచి బొడ్లో దోపుకుంది. ఇంత అమాయకత్వం కూడా ఒక రోగమే అనుకున్నాను.

గదిలో విసనకర్ర, అవున్సార్, ఉద్యోగాల సంగతి చూసే మేడమ్ ఉన్నారు. తనని చేర్పించింది నేనే కాబట్టి నన్నూ పిలిచారు. గోడవారగా కుర్చీ చూపించారు. తను గ్లౌజు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇలా ఎందుకు కోశారు?" అని అడిగింది మేడమ్.

"స్క్రీన్ వినలేదండీ."

"గట్టిగా నొక్కమని చెప్పాను కదా?" అన్నాడు విసనకర్ర.

"నొక్కానండీ."

"మిగతా పదమూడు మందీ నొక్కుతూనే ఉన్నారు కదా? పొద్దున అందరి గ్లౌజులూ చెక్ చేశాం. ఒక్కటీ కోసి లేదు."

అవున్సార్ గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఎవరైనా కొయ్యమని చెప్పారా?" అని అడిగింది మేడమ్. మంచిగానే అడిగింది. ఉంటే చెప్పమ్మా అన్నట్టుగా.

ఆ గదిలో ఏసీ బాగా చల్లగా ఉంది. తను చేతులు కొంగుకి తుడుచుకుంది. నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే చెప్పేసేదాన్ని అని తర్వాత చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"లేదండీ. నేనే కోసుకున్నా."

మేడమ్ రాసుకుంది. రాయడం అయ్యాక నన్ను అడిగింది, "మీరేమైనా చెప్తారా?"

"నేనేం చెప్తానండీ," అన్నాను.

అంతే. పావుగంటలో అయిపోయింది. మధ్యాహ్నానికి ఏడో బల్ల ఖాళీ.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన చొక్కా కూడా విప్పకుండా మొదలుపెట్టాడు. చెల్లెల్ని ఎదురుగా నిలబెట్టి ఊపిరి తీసుకోకుండా తిట్టాడు. "మీ వదిన ఇరవై రెండేళ్ళుగా అక్కడ మంచి పేరు తెచ్చుకుంది. ఆవిడ మాట మీద నిన్ను తీసుకున్నారు. ఆవిడ తలెత్తుకుని తిరిగే చోట తలదించుకునేలా చేశావు. గ్లౌజు కొయ్యకూడదని తెలీదా నీకు? పాలు తాగే పిల్లవా? పక్కన కూర్చున్న మనిషిని చూసైనా నేర్చుకోలేదు!"

నేను వంటింటి గుమ్మంలో కూరగాయలు తరుగుతున్నాను. కత్తి ఆగలేదు. ముక్కలు ఎప్పటికన్నా సన్నగా, సమానంగా పడుతున్నాయి. ఇద్దరి ఉద్యోగాలూ పోతే ఇల్లెలా నడుస్తుందని నాలో ఒక గొంతు లాయరులా వాదిస్తోంది. ఆ లాయరు అబద్ధమాడుతున్నాడని నాకు తెలుసు. ఉద్యోగం మాట రెండోది. మొదటిది, ఆయన ఆ తిట్లు నా వైపు తిప్పితే వినే ధైర్యం నాకు లేకపోవడం. అందరినీ పురుగుల్లా తీసిపారేసే నోరు నాది, అక్కడ పెగల్లేదు.

పెగిలింది కూడా. అదే ఇంకా ఘోరం. "పోనీలెండి," అన్నాను. "చిన్నది. తెలీక చేసింది. ఇంక వదిలెయ్యండి." నా గొంతు వెన్న రాసినట్టు ఎంత మెత్తగా ఉందో నాకే వినిపించింది.

"అదీ, అదీ మనసంటే! చూసి నేర్చుకో," అన్నాడాయన.

అప్పుడు చూసింది తను నా వైపు. కోపంగా కాదు. టంకం సరిగ్గా అంటుకుందో లేదో భూతద్దం పెట్టి చూస్తామే, అలా చూసింది. చూసి, లోపలికి వెళ్ళి పక్క పరుచుకుంది.

తొమ్మిదో రోజుకి వెళ్ళిపోయింది. ఊరి చివర మొక్కల నర్సరీలో పని దొరికింది, దగ్గర్లో ఆడవాళ్ళ హాస్టల్లో గది తీసుకున్నానంది. రెండు సంచుల్లో సరిపోయాయి తన సామాన్లు. "పౌరుషం చూడు! తప్పు చేసిందీ తనే, అలిగిందీ తనే," అన్నాడు మా ఆయన. నేను సంచి మోసి ఆటో దాకా వెళ్ళాను. దారిపొడుగునా తను మాట్లాడింది ఒకే సంగతి. నీళ్ళ కుళాయి వాషర్ అరిగిపోయింది, మార్పించు వదినా అని.

మళ్ళీ ఎర్రదీపాలతో కుస్తీ పడుతూ ఉంటే, తను వెళ్ళిన వారానికి స్పెషల్ గ్లౌజులు వచ్చాయి. వేళ్ళ కొసలకి నల్లటి పూత, తాకితే స్క్రీన్ వింటుంది. అవున్సార్ వాటిని ప్రసాదంలా పంచాడు. నన్ను ట్రైనర్ని చేశారు. మెడలో ఒక బిళ్ళ. కొత్తగా చేరిన అమ్మాయిలకి స్క్రీన్ ఎలా వాడాలో నేర్పడం నా పని. విసనకర్ర ఇరవై ఆరు బొమ్మలకి ముందు ఇంకో బొమ్మ చేర్చాడు. కొన తెగిన గ్లౌజు ఫోటో, దాని మీద ఎర్రటి అడ్డగీత. కింద "అర్థమైంది" అని గడి. లోపల బనీను గుడ్డ కుట్లు కూడా కనబడుతున్నాయి ఫోటోలో. రోజూ పొద్దున్నే ఆ గడి తాకితేనే పని మొదలవుతుంది. రోజూ తాకాను. ఇరవై రోజులు తాకాను.

ఒకరోజు ఏడో బల్లకి వచ్చిన కొత్తమ్మాయి ఆ బొమ్మ చూసి కిసుక్కున నవ్వింది. "ఎవరు మేడమ్, ఇంత తెలివితక్కువ పని చేసింది?"

"నేనే," అనాలి. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఎవరో ఒకావిడలే, ఇప్పుడు లేదు."

చచ్చిపోయినవాళ్ళ గురించి అంటారు ఆ మాట. అన్నాక నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. తిన్నగా విసనకర్ర గదికి వెళ్ళాను.

"గ్లౌజు కోసింది నేను. ముందు నాది, తర్వాత తనది. తను వద్దంటే పట్టుకుని కోశాను. ఆ తర్వాత అందరూ కోశారు," అన్నాను.

ఎప్పుడూ ఊగే ఆ చెయ్యి ఆగింది. "ఇంకెవరికైనా చెప్పారా?"

"మీకే."

"అయితే అలాగే ఉంచండి ఆంటీ." అప్పటిదాకా ఎప్పుడూ ఆంటీ అనలేదు వాడు. "రిపోర్టు పైన ఒప్పుకున్నారు. కారణం ఒక ఆపరేటర్ నిర్లక్ష్యం. ఒక్కరు కోస్తే అది మనిషి తప్పు. పద్నాలుగు మంది కోశారంటే స్క్రీన్ తప్పవుతుంది. ఇంకో మూడు ఫ్యాక్టరీల్లో పెడుతున్నాం ఇవి."

"మరి తన ఉద్యోగం?"

"ఎక్కడో చేరారని విన్నానే? బానే ఉన్నారు కదా?" అన్నాడు.

చీదరగా చూశాను వాడి వైపు. ఆ చూపు నాకు బాగా అలవాటు, అందరి మీదా వాడిందే. కానీ ఆ గదిలో అది నిలబడలేదు. వాడు కాపాడుకుంది వాడి గాజుపలకల్ని. దానికోసం వాడు బలిపెట్టింది పేరు కూడా సరిగ్గా తెలీని మనిషిని. నేను బలిపెట్టింది మా ఇంటి ఆడపిల్లని. ఇద్దరిలో ఎవరు నీచమో తేల్చడానికి స్క్రీన్ అక్కర్లేదు.

ఆదివారం నర్సరీకి వెళ్ళాను. తను రేకుల నీడలో కూర్చుని చిన్న నల్ల సంచుల్లో మట్టి నింపుతోంది. ఉత్తి చేతులే. మోచేతుల దాకా మట్టి. నన్ను చూసి లేవబోయి, "రా వదినా, ఇదిగో ఈ స్టూలు మీద కూర్చో. కుళాయి బాగుచేయించావా?" అంది.

"చేయించాను." స్టూలు మీద కూర్చున్నాను. "ఇక్కడ ఎలా ఉంది?"

"బావుంది. మట్టి తడిగా ఉంటేనే మంచిదంటారు ఇక్కడ," అని నవ్వింది.

దారిపొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. ఆఫీసులో చెప్పాను అని మొదలుపెట్టి, ఆ రోజు గదిలో నోరు ఎందుకు రాలేదో, ట్రైనర్ పని ఎందుకు వదిలేద్దామనుకుంటున్నానో, ఏవేవో చెప్పాను. గ్లౌజు కోసింది నేనే కదా, తప్పు నాదే కదా అని రెండుసార్లు అన్నాను. తను ఒక సంచి నింపింది, అణిచింది, పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకుంది. అంతా విన్నాక అడిగింది.

"అన్నయ్యకి చెప్పావా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నావు వదినా? నాకు తెలిసిందే కదా."

వెక్కిరింత లేదు ఆ గొంతులో. ఉంటే తట్టుకునేదాన్ని, అది నా భాష. తను మళ్ళీ మట్టి తీసుకుంది. నేను స్టూలు మీంచి లేచి వచ్చేశాను.

ఇల్లు చేరేసరికి మా ఆయన అన్నానికి కూర్చుని ఉన్నాడు. వడ్డించాను. నాలుగు ముద్దలు తిన్నాక ఆయనే ఎత్తాడు ఆ మాట. "దాన్ని ఇంటికి తీసుకొచ్చేద్దామే. ఏదో చేసింది. నువ్వంటే ఆ రోజే క్షమించేశావు, నేనే ఎక్కువ అన్నాను. నీ మనసు పెద్దది."

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను, చేతిలో గరిటె ఉంది. కట్టర్ సంగతి, రెండు గ్లౌజులూ కలిపి కోసిన సంగతి, అట్టపెట్టె, "నేనేం చెప్తానండీ" అన్న మాట, అన్నీ వరసగా చెప్పాను. కూరగాయలు తరుగుతూ విన్నానని కూడా చెప్పాను.

ఆయన నమలడం ఆపేశాడు. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసుకుని గోడ వైపు తిరిగాడు. చెల్లెలికి చేశాడు. చాలాసేపు అవతలి నుంచి ఏం వినపడిందో నాకు తెలీదు. ఆయన మాటల్లో నాకు అందింది ఒక్కటే. "నిన్ను అన్నేసి మాటలన్నానే, అమ్మా," అన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నా పక్కనుంచి నడిచి వెళ్ళి, కంచం తీసి, తనే కడిగి బోర్లించాడు. ఆయన ఆ పని చెయ్యడం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

మా ఆడపడుచు ఇప్పుడు వారం వారం వస్తుంది. అన్నాచెల్లెళ్ళు వసారాలో కూర్చుని మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. నేను టీ ఇస్తే ఇద్దరూ తీసుకుంటారు. ఆ రోజు చెల్లెల్ని ఊపిరి తీసుకోకుండా తిట్టిన మనిషి, నన్ను మాత్రం ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఎదురుగా వెళ్ళి నిలబడతాను, ఈ రోజైనా అంటాడేమోనని. తప్పుకో, లిఫ్ట్‌కి టైమైంది అంటాడు.